గంగవ్వ పేరు మీద

గంగవ్వను కాల్చి వచ్చిన మూడోనాడు కిషన్‌లాల్ ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

బాన్సువాడ బీడీ కార్ఖానా ముందు ఆడవాళ్లు కట్టలు కట్టిన బీడీల గంపలతో కూర్చుని ఉన్నారు. అందరూ గంగవ్వ పాడె వెంట నడిచినవాళ్లే. కంపెనీ తరఫున ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే ఠేకేదారు కిషన్‌లాల్ కూడా ఇంటికి వచ్చి శవానికి దండం పెట్టి పోయినవాడే. అయినా పిలిచాడు.

"గంగవ్వా!"

ఎవరూ కదల్లేదు. గంపల మీద ఈగలు వాలుతున్నాయి.

"ఏందమ్మా, రాలేదా గంగవ్వ? రాకుంటే కార్డు కొట్టేస్త."

అప్పుడు గంగవ్వ కోడలు సౌజన్య లేచింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"ఉన్న సేటూ."

కిషన్‌లాల్ తలెత్తకుండా తునికాకు తూచి ఇచ్చాడు.

ఇది మా దగ్గర కొత్త కాదు. కంపెనీ కొత్త కార్డులివ్వడం ఎన్నడో మానేసింది. కార్డు లేకుంటే ఆకు లేదు, లోపల నింపే తంబాకు లేదు. అందుకని అత్త పోతే ఆమె ముక్కుపుడకతో పాటు కార్డు కూడా కోడలికి దిగుతుంది. "పేరు దించుకున్నవా బిడ్డా?" అని దినాల్లోనే పరామర్శకు వచ్చినవాళ్లు అడుగుతారు. అలా పేరు నిలబెట్టడం కంపెనీకి చేస్తున్న మోసమని ఆడవాళ్లు అనుకుంటారు, లోలోపల భయపడతారు. కంపెనీకి కావలసింది కూడా ఆ భయమే. చచ్చినవాళ్లు పీఎఫ్ అడగరు, సంఘంలో చేరరు, రోగమొచ్చిందని ఏడవరు.

ఏళ్లు గడిచాయి. కార్ఖానాలో సౌజన్యను సౌజన్య అని పిలిచినవాళ్లు లేరు. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుడుతుంటే ఆమె చిటికెన వేలు అత్త వేలు లాగా పక్కకు వంగేది. దారం కొరికి ఉమ్మితే అత్త ఉమ్మినట్టే ఉండేది. ఇంట్లో ఎవరో దగ్గినట్టు వినిపించి తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. కొన్నాళ్లకు తెలిసింది, దగ్గుతున్నది తానేనని.

సర్కారు దవాఖానలో ఛాతీ ఫోటో తీసి ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. పట్నం పోవాలన్నారు. బీడీ దవాఖాన డాక్టరు చీటీ రాస్తే బీడీ కార్మికులకు అక్కడ ఖర్చు లేకుండా వైద్యం దొరుకుతుంది. ఆ డాక్టరు కార్డు చూశాడు, ఆమె మొహం చూశాడు.

"డెబ్బై దాటిన ముసలమ్మ కార్డు ఇది. ఆమెనే తీసుకరా."

"ఆమె రాదు సారూ."

"ఎందుకు రాదు?"

చెబితే కార్డు పోతుంది. చెప్పకుంటే వైద్యం లేదు. సౌజన్య కార్డు కొంగులో చుట్టుకుని ఇంటిదారి పట్టింది. పక్కింటి లక్ష్మవ్వ, కార్ఖానాలో అందరికంటే పాతామె, అరుగు మీదే కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"ఒక్కటి చెప్పు పెద్దవ్వా. నేను సస్తే ఎవలు సచ్చినట్టు? గంగవ్వనా? ఆమె ఎన్నడో సచ్చె. నేనా? కార్ఖానల నేను పుట్టనే లేదు."

"థూ! గవేం మాటలే. లే, వకీలు దగ్గరికి పోదాం. నీ పేరు నీకు రావాలె."

బస్టాండు దగ్గర పురుగుమందుల దుకాణం పైన వకీలు బసవపున్నయ్య ఆఫీసు. మెట్ల మొదట్లోనే బోర్డు: భూతగాదాలు, విడాకులు, వీలునామాలు, చెక్కు కేసులు, కంపెనీలకు కార్మిక చట్టాల సలహా. వ్యక్తులకూ సంస్థలకూ అన్ని న్యాయ సేవలు ఒకే చోట. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు మనుషులకు. అద్దాల తలుపు వెనక చల్లని గది మిల్లులకు, ఫైనాన్సులకు, కంపెనీలకు. రెండు గదులకూ వకీలు ఒక్కడే.

"చూడమ్మా, వకీలు దగ్గర దాచకూడదు," అన్నాడాయన మెత్తగా. "ఉన్నదున్నట్టు చెప్పు. ప్రమాణపత్రం రాయిస్తాను. నీ అసలు పేరేమిటి?"

అంత మర్యాదగా పేరడిగినవాళ్లు లేక సౌజన్యకు ఏడుపొచ్చింది. అంతా చెప్పింది. ఆయన దగ్గర కొత్తగా చేరిన వకీలు వందన టైపు చేసింది. సౌజన్య సంతకం పెట్టింది.

వారం తిరక్కుండా నోటీసొచ్చింది. చనిపోయిన కార్మికురాలి పేరుతో కంపెనీని మోసగించినట్టు ఆమే ఒప్పుకున్నదని, పోలీసు కేసు పెడుతున్నామని. కంపెనీ తరఫున కింద సంతకం బసవపున్నయ్యది.

ఆ సాయంత్రం లక్ష్మవ్వ వాకిట్లో ఆడవాళ్లంతా చేరారు. ముందుగా ఎదురింటి లచ్చవ్వ అందుకున్నది.

"నేను జెప్పలేదా, పేరు జోలికి పోవద్దని? సప్పుడు జెయ్యక బీడీలు జేసుకుంటే అయిపోతుండె. ఇగ నీతోని అందరి కార్డులు పోతయి."

"నీ కార్డు ఎవల పేరు మీదున్నదే?" అన్నది లక్ష్మవ్వ.

"నా సంగతెందుకు?"

"చెప్పరాదూ. భయమైతుందా?"

లచ్చవ్వ నేల చూసింది. "మా అత్తమ్మది. రాజవ్వది."

"నాది మా అక్కది," అన్నదొకామె గోడ పక్క నుంచి. "కాన్పుల సచ్చిపాయె."

"నాది మా అవ్వది."

ఒక్కొక్క పేరూ వాకిట్లోకి వచ్చి కూర్చుంది. కొందరు కొంగు కప్పుకున్నారు. అక్కడ బతికున్నవాళ్ల కంటే పోయినవాళ్లే ఎక్కువమంది ఉన్నట్టనిపించింది. ఒక పెద్దామె వెనక్కి తిరిగి, ఎవరికో చోటిస్తున్నట్టు కాస్త జరిగింది కూడా.

అప్పుడే వందన వచ్చింది. బీర్కూర్ పిల్ల. వాళ్లమ్మ ఇప్పటికీ బీడీలు చేస్తుంది. లచ్చవ్వ భగ్గుమంది.

"వచ్చిందమ్మా వకీలమ్మ! ఇంకెవల సంతకం గావాలె?"

"తిట్టు పెద్దమ్మా, తిట్టు. సౌజన్యక్క ముందర గదిల చెప్పిన మాటే లోపలి గదిల నోటీసైంది. నౌకరి ఇడిసిపెట్టి వస్తున్న." వందన నేల మీదే కూర్చుంది. "కంపెనీ మీద పీఎఫ్ విచారణ రాబోతుంది. సచ్చినోళ్లను పేరు వెట్టి పిలిచిందెవలు, ఆకు తూచి ఇచ్చిందెవలు అని అడుగుతరు. గా ప్రశ్న పడకముందే అక్కను దొంగను జేస్తుండ్రు. ఒక్కదాన్ని కొడితే మీరంత నోరు మూసుకుంటరని."

"మరి ఏం జెయ్యాలె?"

"ఒక్కామె ఒప్పుకుంటే అది దొంగతనమంటరు. అందరొప్పుకుంటే అది కంపెనీ నడిపిన పద్ధతని తేలుతది."

"అందరం జైలుకు పోతం!"

"ఇంతమందికి జైలు పట్టాలె గద!" అన్నది లక్ష్మవ్వ. ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. సౌజన్య కూడా నవ్వబోయి దగ్గింది. నోటికి అడ్డం పెట్టిన కొంగు తీసి చూసుకుని గభాలున మడిచింది. ఆ ఎరుపు లచ్చవ్వ కంట పడింది.

"రేపు పొద్దుగాల నేను ముందు నడుస్త," అన్నది లచ్చవ్వ.

తెల్లారి కార్ఖానాకు ఒక్క గంపా పోలేదు. ఆడవాళ్లంతా వకీలు మెట్లెక్కారు. ముందు గది నిండింది, మెట్లు నిండాయి, పురుగుమందుల దుకాణం ముందు రోడ్డు నిండింది.

"మాకు గూడ రాయి సారూ, ప్రమాణపత్రం," అన్నది లచ్చవ్వ. "బోర్డు మీద రాసుకున్నవ్ గద, అన్ని సేవలని."

అద్దాల గదిలోంచి బయటికి రాబోయిన రైసుమిల్లు యజమాని, జనాన్ని చూసి మళ్లీ తలుపేసుకున్నాడు.

"మీరంతా నేరం ఒప్పుకుంటున్నారు, తెలుస్తోందా మీకు?" బసవపున్నయ్య గొంతులో మెత్తదనం పోయింది.

"తెలుసు. మేం ఒప్పుకుంటం. పిలిచినోడు గూడ ఒప్పుకోవాలె. గా కిషన్‌లాల్‌ను పిలువు, వాని పత్రం గూడ రాయి."

ఆయన ఫోను తీశాడు. పోలీసులొచ్చారు. "అందర్ని పట్టుకపో!" అని ఆడవాళ్లు చేతులు చాపితే ఎస్సై వాళ్ల వంక చూడనే లేదు. పత్రం మీద సంతకమున్నది సౌజన్య ఒక్కతిదే. ఆమెనే జీపెక్కించాడు.

కోర్టులో సౌజన్య తరఫున వందన నిలబడింది. ఆమె రోగం గురించి, కార్ఖానా గురించి, బయట కూర్చున్న ఆడవాళ్ల గురించి చెప్పింది. జడ్జి విన్నాడు. పోలీసు కాపలాతో వైద్యం చేయించమన్నాడు, రిమాండు మాత్రం రాశాడు. సౌజన్య అనే బీడీ కార్మికురాలు ఉన్నదని సర్కారు ఒప్పుకున్న మొదటి కాగితం అది.

జీపు కదలబోతుంటే ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. లాఠీలు లేచాయి. లక్ష్మవ్వ నుదురు పగిలింది. జీపు ఊచల్లోంచి సౌజన్య కేక వేసింది, దగ్గుతో ముక్కలైన కేక.

"నాకోసం ఏడ్వకుండ్రి! ఆకు ముట్టకుండ్రి! మీ పేర్లొచ్చేదాక ఆకు ముట్టకుండ్రి!"

జీపు దుమ్ములో పోయింది. ఆమె దగ్గు మాత్రం అక్కడే ఉండిపోయినట్టుంది.

అంతలో బోధన్ వైపు నుంచి వచ్చిన బస్సులోంచి కొందరాడవాళ్లు దిగారు. ఎవరూ పిలవలేదు వాళ్లను. వేళ్ల కొసలకు తంబాకు మరకలున్నాయి. నెత్తురు తుడుచుకుంటున్న లక్ష్మవ్వ దగ్గరికి వచ్చి ముందున్నామె అడిగింది:

"మాది రుద్రూర్ అక్కా. మా దగ్గర గూడ సచ్చినోళ్లు బీడీలు జేస్తుండ్రు. ఎవలకు జెప్పాలె?"

లక్ష్మవ్వ లచ్చవ్వ భుజం పట్టుకుని లేచింది. వందన నిలబడి ఉన్న కోర్టు మెట్ల వైపు చూపించింది.

"నడువుండ్రి. మేం గూడ వస్తం."