నిండు గిన్నె

చంపడానికి వెతుకుతున్న సొంత బాబాయికి ఐదేళ్ల పాప మీరిమ్ చిక్కకుండా, ఆమెను వెంటబెట్టుకుని, మొగుడూ పెళ్లాలమని బొంకుతూ బురుల్చా, తెమిర్‌కాన్ కొండల్లో ఒక ముసలమ్మ గుడారం చేరారు.

"ఈ పూట ఇక్కడే ఉండండి తల్లీ," అంటూ ముసలమ్మ టీ గిన్నెను అంచుదాకా నింపింది.

బురుల్చా ఆ గిన్నెకేసి చూసింది. ఆ కొండల్లో ఉండాలని కోరుకునే అతిథికి సగమే పోస్తారు. నిండా పోస్తే తాగి బయల్దేరమని. ముసలమ్మ వెనుక తెర, గాలి లేకుండానే, ఊపిరి తీస్తున్నట్టు కదిలింది. దాని చాటున పొంచి ఉన్నది బాబాయో, అతని మనిషో; వాడికి మాటలే వినిపిస్తాయి, గిన్నె కనిపించదు.

"గుర్రానికి నీళ్లు పెట్టొస్తాను పెద్దమ్మా," అంది బురుల్చా.

"మొగుణ్ణీ పిల్లనీ కూడా తీసుకెళ్లు. మగాళ్లకి వాగు కూడా మనమే చూపించాలి."

పాపను ఎత్తుకున్న తెమిర్‌కాన్, బొంకు కోసం పట్టుకున్న బురుల్చా చేతిని బయటికొచ్చాకా వదల్లేదు.

లోపల ముసలమ్మ తెరతో అంటోంది: "రా నాయనా. నీకు సగమే పోస్తాను, నిదానంగా తాగు."