శుక్రవారం చదివే పేరు

మా కొండ ఊరి మసీదులో శుక్రవారం ప్రసంగం చేసే ఖతీబును నేనే. ప్రసంగం చివర ఏలిక పేరు చదివి దీర్ఘాయుష్షు కోరాలి. ఎవరి పేరు చదివితే ఈ యెమెన్ కొండల్లో వాళ్ళదే రాజ్యం. ముప్పై ఏళ్ళుగా నేను చదివింది లుబాబా రాణి పేరు. ఆడమనిషి పేరేమిటని మొదట్లో మూతి విరిచిన పెద్దలు, ఆమె కొండవాలు పొలాలన్నిటికీ నీళ్ళు పారించాక, ఆమె పేరు చదవమన్నది తామేనని చెప్పుకు తిరిగారు.

ఒక గురువారం ఆమె మేనల్లుడు గుతైఫ్ నడుముకు బాకు దోపుకుని మా ఇంటికి వచ్చాడు.

"రేపు నా పేరు చదువు ఖతీబూ. లేదంటే నీ తల తీసేస్తా."

నాకున్నది ఒక్క తల, అందులో ధైర్యం బొత్తిగా లేదు. కోటకు పరుగెత్తి, రాణి కూర్చునే తెరకు ఇవతల కూలబడ్డాను.

"చదివేస్తే పోలా," అంది తెర వెనకనుంచి.

"రాజ్యం పోతుందమ్మా."

"మోయగలిగితే వాణ్ణే మోయనీ. ఆచారం మాత్రం తప్పనివ్వకు."

పేరు చదివించుకున్నవాళ్ళు నమాజు అయ్యాక మసీదు వాకిట్లో కూర్చుని జనం తగవులు వినాలి. ఆఖరి మనిషి లేచేదాకా లేవకూడదు. లేచారా, ఏలికలు కారు. అదీ ఆచారం.

మర్నాడు నేను పేరు చదివాక, గుతైఫ్ పట్టు తలపాగా చుట్టుకుని వాకిట్లో దర్జాగా కూర్చున్నాడు. నీటి వంతు కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరూ అసలు సంగతికి రాకముందే ఏడు తరాల వంశావళి వల్లించారు. ఒక ముసలావిడ చచ్చిపోయిన మొగుడి మీద ఫిర్యాదు తెచ్చింది. పాత తీర్పులు తెలియని ఏలిక దొరికాడని కబురు పాకింది. మూడో శుక్రవారానికల్లా, ఇరవై ఏళ్ళ కిందట తేలిపోయిన తగవులు కూడా మేకలతో సహా కొండ దిగి వచ్చాయి.

ఆ తర్వాతి గురువారం గుతైఫ్ మళ్ళీ మా గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"రేపు నా పేరు చదివావో, తల తీసేస్తా."

ఈసారి అతన్నే వెంటబెట్టుకుని కోటకు వెళ్ళాను. అతను తెర ముందు చతికిలబడ్డాడు.

"నా వల్ల కాదత్తా. నీ రాజ్యం నువ్వే తీసుకో. ముప్పై ఏళ్ళు ఎలా కూర్చున్నావసలు?"



"ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడివి నువ్వొక్కడివేరా," అంది రాణి. "మన ఖతీబు గారు వారం వారం నాకు దీర్ఘాయుష్షు కోరతారు. కోరి, జొన్నసంకటి చల్లారిపోతుందని ఇంటికెళ్ళిపోతారు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. అది నిజం. ఒక్క శుక్రవారం కూడా నేను ఆ వాకిట్లో ఆగలేదు.

"చదవండి ఖతీబు గారూ, నా పేరే చదవండి," అంది.

మర్నాడు ఆమె పేరు చదివాను. దీర్ఘాయుష్షు కోరబోతే మాత్రం నోరు రాలేదు. బయట వాకిట్లో అప్పటికే నూటపన్నెండు మంది కూర్చుని ఉన్నారు.