త్రేన్చే సీసా

పొద్దున ఏడు కొట్టంగనే చిలుకమ్మ కాలిన పుండ్ల వార్డుల అడుగుపెట్టేది. పాత కట్లు విప్పుడు, చీము తుడుసుడు, మందునీళ్ళ సీసాతోని పుండ్లు కడుగుడు, అవే నీళ్ళతోని తన చేతులూ కడుక్కునుడు. వరంగల్ల ఆ దవాఖానల ఆయాగా ఆమె పని అదే. థూ, ఏం పనో! ఇంటికి పోయినా చీర కొంగుకు అదే కంపు.

ఆ సీసా అప్పుడప్పుడు త్రేన్చేది. పంకా కిర్రుమన్నట్టే అదీ మామూలే, ఎవరూ తలెత్తి చూసేటోళ్ళు కాదు. త్రేన్చిన మూడోనాడు ఎవరిదో ఒకరి పుండు పచ్చబడి, మురిగిన ఇప్పపువ్వు లెక్క తియ్యటి కంపు కొట్టేది. ఇగ ఆ మనిషి దక్కేటోడు కాదు. "వాళ్ళ రాత" అనుకునేది చిలుకమ్మ.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంల ఆమె చెల్లె కట్టమ్మను పరకాల నుంచి తెచ్చిన్రు. ఉడుకుడుకు గంజి ఒలికి వీపంత కాలింది. కాంపౌండర్ కిషన్ రావు సీసా వంచి దూది తడపబోయిండు. సీసా త్రేన్చింది. ఆ గాలి చిలుకమ్మ మొహానికే కొట్టింది. అదే ఇప్పపువ్వు కంపు!

"ఆగుండ్రి సారూ! ఈ సీసా ఎన్నడు కడిగిన్రు?"

"కడుగుడేంది? సగమైతే మీదికెల్లి మందూ నీళ్ళూ పోసుడే. ఐదేండ్ల సంది గంతే. మందుల పురుగు బతుకుతదా, పిచ్చిదాన?"

చిలుకమ్మ గుంజుకొని బిరడా పీకింది. దాని అడుగున పచ్చటి జిగట చీమిడి లెక్క వేలాడింది. ఆమె మోరీ కాడికి ఉరికి కక్కుకున్నది.

"దినాం గీ నీళ్ళతోనే చేతులు కడిగిన గద సారూ! నాకేం కాలేదేంది?"

కిషన్ రావు మొహం పాలిపోయింది. "నీకు తోలున్నది. తోలు ఊడి, సత్తువ సచ్చినోళ్ళనే పట్టుకుంటది గా పురుగు."

చిలుకమ్మ సీసాను మోరీల ఒంపి పలగ్గొట్టింది. నీళ్ళు మసలగాచి, ఉప్పేసి, చల్లార్చి చెల్లె వీపు కడిగింది. మూడోనాడు పుండు పచ్చబడలేదు. నెల తిరిగేసరికి కొత్త తోలు వచ్చింది.

"ఆకలైతాంది అక్కా. నీ చేత్తోని ఒక్క ముద్ద పెట్టవే" అన్నది కట్టమ్మ.

చిలుకమ్మ అన్నం కలపబోయి ఆగింది. ఆ చేతులు కడిగిన పుండ్లు, ఆ మనుషుల మొహాలు ఒక్కొక్కటే యాదికొచ్చినయి. సబ్బు పెట్టి మూడుసార్లు తోముకున్నది. వాసన చూసుకున్నది.

పోయి చెంచా తెచ్చుకున్నది.