విమానం పొట్టలో నా కుర్చీ

విమానంలోకి అందరికంటే ముందు ఎక్కించేది నన్నే, అందరికంటే చివర దించేదీ నన్నే. ఈ మర్యాద కనిపెట్టినవాళ్లను ఒక్కసారి ఖాళీ విమానంలో కూర్చోబెట్టాలనిపిస్తుంది. జనమంతా పెట్టెలు దించుకుని వెళ్లిపోయారు. శుభ్రం చేసేవాళ్లు వచ్చి నా కాళ్ల చుట్టూ ఊడ్చేసి పోయారు.

వాచీలు బాగుచేసుకుంటూ అద్దెగదిలో ఒంటరిగా ఉంటాను. అది మా అక్కకు కంట్లో నలుసులా ఉంది. "మా ఊరి విమానాశ్రయం బయటి ద్వారం దగ్గరే నిలబడి చూస్తా. నీ చక్రాల కుర్చీ నువ్వే తోసుకుంటూ వస్తే ఇంకెప్పుడూ గది ఖాళీ చెయ్యమనను. లేదంటే నోరు మూసుకుని మా ఇంట్లో ఉండాలి" అంది నేను బయల్దేరేముందు ఫోన్లో. సరేనన్నాను. పంతం మా ఇద్దరికీ సమానంగా వచ్చిన ఆస్తి.

విమానం తలుపు దగ్గరికే నా కుర్చీ తేవాలని ఎక్కేముందు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తీరా వచ్చింది విమానాశ్రయం వాళ్ల కుర్చీ. దాని చక్రాలు బొమ్మకారు చక్రాలంత ఉన్నాయి. కూర్చున్నవాళ్ల చేతికి అందవు, వెనక ఎవరో ఒకరు తోయాల్సిందే.

"మీది బాగా పాతదమ్మా, అందుకే కొత్తది తెచ్చాను. దాన్ని సామాన్లతో పంపించేశా" అన్నాడు తోసే ఆయన, గొప్ప ఉపకారం చేసినట్టు. "ఏదైతేనేం, అన్నీ కుర్చీలే కదా!"

"అన్నీ చెప్పులే కదా, నావి తొడుక్కుని మీరు నడవండి."

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

సామాన్ల హాల్లో నన్ను గోడవైపు తిప్పి ఉంచి, కుర్చీ వెతకడానికి వెళ్లాడు. వెనక పెట్టెలు దబదబా పడుతున్న చప్పుడు, పిల్లల కేకలు. నా కళ్లముందు మాత్రం సున్నం రాలిన గోడ. తల తిప్పగలను, కుర్చీ తిప్పలేను. ఇంతమంది మధ్య ఇంత ఒంటరితనం నా గదిలో ఏనాడూ ఎరగను.

అక్క ఫోన్ చేసింది. నా కుర్చీ ఇంకా వెతుకుతున్నారని చెప్పాను. "ఎంతసేపే? వాళ్ల కుర్చీలోనే వచ్చెయ్, నీది రేపు తెప్పిద్దాం."

"రాను."

"మొండిఘటం!" అని పెట్టేసింది.

చాలాసేపటికి ఆయన నా కుర్చీ తెచ్చాడు. కాళ్లు పెట్టుకునే పలక వంగింది కానీ చక్రాలు తిరుగుతున్నాయి. చేతుల మీద బరువు మోపి అందులోకి మారాను. తోస్తానని వచ్చిన ఆయన్ని అక్కడే ఆగిపొమ్మన్నాను. నున్నటి నేల మీద, నా చేతులతో నేనే తోసుకుంటూ ద్వారం దాటాను.

బయట నిలబడ్డవాళ్లంతా నా తలమీదుగా వాళ్లవాళ్ల కోసం చూస్తున్నారు. అక్క లేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికి, ఫోన్ చేశాను.

"కాళ్లు పీకుతుంటే కార్లోకొచ్చి కూర్చున్నానే. ఆ తోసే మనిషినే ఇక్కడిదాకా తీసుకురమ్మను."

గెలిచానని అరుద్దామనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"తోసే మనిషెవరూ లేరక్కా. ఒక్కదాన్నే ఉన్నాను."

"అయ్యో, అలా వదిలేసి పోయాడా!" అంది అక్క. "అక్కడే ఉండు, కదలకు. ఎవర్నైనా పంపిస్తాను."