నాలుగేళ్లుగా ఆరని దుప్పటి

మొరాకోలోని ఫెజ్ పాతబస్తీలో నా అంత నిజాయితీ గల కోడలు ఇంకొకతె లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడినవన్నీ బట్టల గురించే. నాలుగేళ్లుగా, రోజుకొకటి.

సాయంత్రమంటే ఏమిటో మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. మా ఆయన ఇద్రీస్‌కి అది బూట్లు విప్పి "బతూల్, టీ!" అని కేకేసి, తాగేసి, ఇంకో టీ కోసం కాఫీ హోటలుకి పోయే వేళ. మా అత్తగారు రఖియాకి, మర్యాదగా లల్లా అంటాం, హరీరా సూప్ పొయ్యెక్కాల్సిన వేళ. "ఇంట్లోనే ఉంటావుగా, నీకు పొద్దునయితేనేం, సాయంత్రమయితేనేం?" అన్నాడొకసారి ఇద్రీస్, ప్రేమగానే. నిజమే. పిండి పిసుకుతూ, గచ్చు కడుగుతూ ఉండే మనిషికి పొద్దుగూకిందని ఎవరు చెబుతారు?

అందుకే డాబా ఎక్కేదాన్ని. ఆ వేళ డాబాలు ఆడవాళ్లవి. చుట్టుపక్కల వాళ్లంతా తల మీద గుడ్డ తీసేసి తిరుగుతుంటారు కనక మగవాళ్లు పైకి రారు. అత్తగారికేమో మోకాళ్ల నొప్పులు, మెట్లేమో నలభై ఒకటి. "బట్టలు తెస్తా" అని వెళ్లి, ఆరిపోయిన దుప్పటిని మళ్లీ బకెట్లో ముంచి ఆరేసి, అది ఆరేదాకా గోడకానుకుని కూర్చునేదాన్ని. మా ఆగస్టు ఎండకి గోడలే పెచ్చులూడతాయి; మా దుప్పటి మాత్రం నాలుగేళ్లుగా ఆరలేదు. ఊరంతా ఎర్రబడేది. పిట్టలు అరుచుకుంటూ తిరిగేవి. నేను ఏమీ చేసేదాన్ని కాదు. అదెంత బాగుంటుందో!

నిన్న దుప్పటి అంచు గోడ మీంచి లోపలి వాకిట్లోకి వేలాడింది, చూసుకోలేదు. కింద అత్తగారి టీ గ్లాసులో చుక్క పడింది.

మెట్ల మీద ఆయాసం, వెనకే ఆవిడ.

"మబ్బు తునక లేదు, నా టీలో వానేంటే పిల్లా?"

"గాల్లో తేమ, లల్లా."

"తేమా? పక్కింటి సఫియా పరుపులే ఆరిపోయాయి!" దుప్పటి పట్టుకుని పిండింది. నీళ్లు ధార కట్టాయి. "ఇదేంటి, ఏట్లో ఈదొచ్చిందా?"

కిందికి పదమంటే నాకంటూ మిగిలిన ఈ ఒక్క గంటా పోయినట్టే. పావురాల మీద నెట్టే అబద్ధమొకటి, చాలా మంచిది, నాలిక చివర సిద్ధంగా ఉంది. కానీ ఆవిడ దుప్పటిని చూడట్లేదు. కొండ వెనక్కి దిగుతున్న ఎండని చూస్తోంది.

"ఎన్నేళ్లయిందో పైకొచ్చి," అంది తనలో తాను. బకెట్లో నీళ్లు పారబోసి, బోర్లించి, దాని మీద కూర్చుంది. "చెప్పు. ఇక్కడేం చేస్తుంటావు?"

"ఏమీ చెయ్యను లల్లా. రోజూ నేనే తడుపుతున్నా. నాకూ ఒక సాయంత్రం కావాలని అడగడానికి నోరు రాక. రేపట్నుంచి తడపను. ఊరికే వచ్చి కూర్చుంటా."