దేవక్క ఆవు అరికాళ్లు

సిరిగేరి దేవక్క ఆవు నేలకు దిగిన కథ ఇది. చిన్నదే, టీ చల్లారేలోగా అయిపోతుంది. అయితే ముందు ఆమె మరిది హొన్నూరప్ప గురించి చెప్పాలి. ఆయన పశువుల మందుల షాపులో కొన్నాళ్లు కూచున్నాడు. పనికి కాదు, ఫ్యాను గాలికి. ఆ చదువుతోనే ఊరి గొడ్లకు సూదులేస్తాడు. బతికితే ఆయన గొప్ప, చస్తే గొడ్డు కర్మ.

సరే, ఆవు. దేవక్క ఇల్లు దాని పాలమీదే నడుస్తుంది. వరిమళ్ల గట్ల మీద తిరిగి దానికి గిట్ట నొచ్చింది. నొచ్చేసరికి బెత్తెడు పైకి తేలింది. హొన్నూరప్ప ఎవరి గొడ్డుకో వాడగా మిగిలిన యాంటీబయాటిక్ ఎక్కించాడు. తోడుగా నొప్పి సూది కూడా వేశాడు కాబట్టి ఆవు దిగింది. నొప్పి సూది పవరు తగ్గగానే మూరెడు లేచింది. మళ్లీ సూదులు, మళ్లీ దిగడం. ఈసారి నిలువెత్తు లేచింది. దేవక్క నిచ్చెనెక్కి పాలు పిండుకునేది. ఆ పాలు తోడుకోవడం మానేశాయి. ఎత్తు సంగతి ఎవరూ అడగలేదు గాని, పెరుగు సంగతి వీధంతా అడిగింది.

చివరికి హొన్నూరప్ప సంతల్లో గొడ్లు కొనే జంబన్నను పిలుచుకొచ్చాడు.

"కుంటిదాన్ని ఎన్నాళ్లు మేపుతావు వదినా, ఇచ్చెయ్."

"నేలమీద ఉంటే కదప్పా అది కుంటేది," అంది దేవక్క. జంబన్న లారీ ఎక్కిన గొడ్డు తిరిగి రాదని ఆమెకు తెలుసు. అందుకే అతనొస్తున్నాడని వినగానే, పొద్దున్నే పశువుల డాక్టరు రెజీనాకు ఫోన్ చేసి పెట్టింది.

డాక్టరమ్మ వచ్చి, ఆవు కిందికి పోయి తలెత్తి చూసింది. హొన్నూరప్ప సీసా అందించాడు.

"బేడప్పా, వద్దు. వాపు లేదు, జ్వరం లేదు, గిట్టల సందున కుళ్లు వాసన లేదు. ఈ మందు దేనికి?"

"ఉంటే మంచిదని."

"ఇట్ల ఊరికే పొడుస్తాంటే, రేపు నిజంగా కుళ్లినప్పుడు మందు పనిచేయదు. అవసరమైతేనే వేయాల, వేస్తే పూర్తిగా వేయాల. దేవక్కా, పాలు తోడుకోనిది ఆ మందు వల్లనే. నేను చెప్పేదాకా ఎవరికీ పోయొద్దు."

పెరిగిన గిట్టను కత్తితో చెక్కింది. అందులో ఇరుక్కున్న కంకర రాయి ఊడి హొన్నూరప్ప నెత్తిన పడింది. ఆవు మెల్లగా దిగింది. నాలుగు కాళ్లమీద నిలబడి, పేడ వేసి, గడ్డికి తల వంచింది. దేవక్క నిచ్చెన తీసి పక్కన పెట్టింది. గోడకానుకుని కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

జంబన్న కింద పడిన రాయిని తీసి తిప్పి చూశాడు. పళ్లు చూసి, పొదుగు చూసి గొడ్లు కొన్నవాడే గాని, గొడ్డు అరికాలు ఎప్పుడూ చూసినవాడు కాదు.

"డాక్టరమ్మా, నా లారీలో కుంటేటివి ఉండాయి. వాటికీ ఇంతేనా?"

"దించు, చూద్దాం."

జంబన్న ఆ తర్వాత సంతకు పోలేదు. డాక్టరమ్మ దగ్గర పని నేర్చుకుని, ఎమ్మిగనూరులో గిట్టలు చెక్కుతున్నాడు.