నారింజ రెక్కల బాతు

వరికోతలు కాగానే మత్తయ్య కోదాడ దిక్కు నుంచి బాతుల మందను వేములపల్లి మడుల్లోకి తోలుకొచ్చేవాడు. రాలిన గింజలు, నత్తలు బాతులకు. వాటి రెట్ట పొలానికి. వేరే మందల్లో కలిసినా పోల్చుకునేందుకు తన బాతుల రెక్కలకు నారింజరంగు పూసేవాడు. డేరా మాత్రం ఏటా తండా చివర, పెనిమిటి పోయిన సుక్కి ఇంటి ముందే. నిరుడు వెళ్ళేటప్పుడు, "వచ్చే కోతలకి నిన్నో మాట అడుగుతా" అని, అడక్కుండానే మందను తోలుకుపోయాడు. ఆ మాటను సుక్కి ఏడాదిగా బుగ్గన కరక్కాయలా దాచుకునే ఉంది.

ఈసారి కోతలైపోయాయి, కోత మిషిన్లూ వెళ్ళిపోయాయి. మత్తయ్య రాలేదు. ఫోను కలవడం లేదు.

ఆ పొద్దున గడ్డికి పోయిన సుక్కికి కాలువలో ఒంటరి బాతు కనిపించింది. రెక్కల మీద నారింజరంగు! కొడవలి అక్కడే పడేసింది. ఒక బాతు తప్పిందంటే మంద దగ్గర్లోనే ఉండాలి. గట్టు వెంట ఆ చివరిదాకా పరుగులాంటి నడక నడిచింది. మందా లేదు, డేరా లేదు.

తిరిగొచ్చేసరికి మిర్యాలగూడ బడికి పోతున్న సుధ టీచరు స్కూటీ ఆపి ఆ బాతును ఫోటో తీస్తోంది.

"మత్తయ్య బాతు మేడం అది. రంగు సూడుండ్రి!"

"పూసిన రంగు కాదు సుక్కక్కా, పుట్టు రంగే." సుధ ఫోటో పెద్దది చేసి చూపింది. ఎర్రటి ముక్కు, కంటిమీద తెల్లటి పట్టె, వీపున తెరచాపల్లా లేచిన రెండు ఈకలు. "మాండరిన్ బాతంటరు. చైనా దిక్కుది. దారి తప్పిందో, ఎవరన్న పెంచుకుంటే ఎగిరొచ్చిందో."

"పక్కానా?"

"పక్కా."

సుక్కి గట్టు మీద చతికిలపడింది. "జర అబద్ధమన్న చెప్పకపోతిరి!"

సుధ పక్కనే కూర్చుంది. "కోదాడ ఏమంత దూరమక్కా? పోయి చూసి రారాదు?"

"పోయి ఏమనాలె? అడుగుతనన్నోడు ఆయన. నేనే ఎదురువోతే నలుగురు నవ్వరా?"

"ఇప్పుడు నవ్వుతలేరా?"

సుక్కి ఉలిక్కిపడి చూసింది. తర్వాత తనకే నవ్వొచ్చింది. నీళ్ళలో బాతు రెక్కలు విదిలించుకుని తన మానాన తాను నాచు తింటోంది.

"దీన్నెవరు రమ్మన్నరో గింత దూరం!" సుక్కి లేచి కుచ్చిళ్ళు దులుపుకుంది. "మేడం, మిర్యాలగూడల కోదాడ బస్సు యాడ ఆగుతది?"

"బస్టాండుల. ఎక్కు, దింపుత."

"గీ బురద చీరతోనా? జర ఆగుండ్రి, మార్చుకొనొస్త."